హెదర్ మూర్ల మీద ఎంపరర్ చిమ్మట: ఏ నెలలో ఎక్కడ వెతకాలి, ఇంట్లో ఎలా పెంచాలి

ఆగస్టు వచ్చిందంటే చాలు, బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకటే రకం ఫొటోలు వస్తాయి. ఊదా పూల హెదర్ పొద మీద వేలెడంత ఆకుపచ్చ గొంగళిపురుగు, ఒంటి చుట్టూ నల్ల పట్టీలు, ఆ పట్టీల మీద పసుపు పొక్కులు. ఫొటో కింద మూడు ప్రశ్నలు: ఇదేం పురుగండీ? ముట్టుకుంటే దురద పెడుతుందా? పిల్లలకు చూపించడానికి ఇంటికి తెచ్చుకోవచ్చా?

మొదటి రెండింటికీ జవాబులు చిన్నవే. అది ఎంపరర్ చిమ్మట గొంగళిపురుగు, శాస్త్రీయ నామం సాటర్నియా పవోనియా. ముట్టుకుంటే దురద పెట్టదు. మూడో ప్రశ్నకు జవాబు ఒక్క ముక్కలో చెప్పలేను. తెచ్చుకోవచ్చు గానీ, తెచ్చాక వచ్చే వసంతం దాకా దాని బాధ్యత మీదే. పిల్లలకు గొంగళిపురుగును మేపడం భలే సరదా, ఆ రోజులు ఇట్టే గడిచిపోతాయి. గూడు కట్టాక వచ్చే చలికాలమే అసలు పరీక్ష. "పాపం, చలి" అని గూటిని ఇంట్లో హీటర్ ఉన్న గదిలో పెడతారు, పురుగు అక్కడే పోతుంది. ఈ గైడ్‌లో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే, దానికి చలి కావాలన్న మాట గుర్తుంచుకోండి.

సిద్ధాంతం ఎక్కువ చెప్పను. ఇది మన దసలి పట్టు పురుగు కుటుంబానికి చెందిన చిమ్మట. మహదేవ్‌పూర్, చెన్నూరు అడవుల్లో మద్దిచెట్ల మీద పెంచే ఆ పురుగుకు ఇది దగ్గరి చుట్టం. ఆ కుటుంబంలో బ్రిటన్‌కు స్వతహాగా చెందిన జాతి ఇదొక్కటే. ఏడాదికి ఒకే తరం. ఐర్లండ్‌లోనూ, జర్మనీ లాంటి దేశాల్లోనూ ఉంది గానీ, పురుగుల్ని పట్టడం మీద నియమాలు దేశానికో రకం. ఇక్కడ చెప్పేదంతా బ్రిటన్ సంగతే.

ఏమేం కావాలి

మూర్ (హెదర్ పొదలు పరుచుకున్న, చెట్లు పెద్దగా లేని బీడు నేల) మీదికి వెళ్లేటప్పుడు:

- పొడుగు ప్యాంటు, పొడుగు సాక్సులు, వాన కోటు
- చర్మానికి అంటుకుని రక్తం పీల్చే టిక్ పురుగుల్ని తీసే చిన్న కొక్కెం (ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది)
- మ్యాప్, దగ్గరి వస్తువును స్పష్టంగా తీయగల ఫోన్
- చిన్న భూతద్దం ఉంటే మంచిది

ఇంట్లో పెంచాలనుకుంటే:

- కనీసం ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న వలపంజరం. సీతాకోకచిలుకల్ని పెంచడానికి అమ్మే మడత పంజరం సరిపోతుంది
- ఇరుకు మూతి చిన్న సీసా, మూతి మూయడానికి దూది
- కిచెన్ పేపరు, మెత్తటి పెయింటు బ్రష్షు
- రోజూ తాజా ఆకు దొరికే చోటు. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా లాభం లేదు
- ఎండ తగలని, ఎలుకలు దూరని బయటి జాగా ఒకటి

1. ముందు నెల చూసుకోండి

"వెళ్లాం, ఏమీ కనబడలేదు" అనేవాళ్లలో ఎక్కువమంది తప్పు నెలలో తప్పు దశ కోసం వెతికినవాళ్లే. ఏప్రిల్‌లో గొంగళిపురుగు ఉండదు, ఆగస్టులో చిమ్మట ఉండదు.

మార్చి చివర నుంచి మే దాకా రెక్కల చిమ్మటలు, ముఖ్యంగా ఏప్రిల్‌లో. మే నెలలో కాడల చుట్టూ గుడ్లు. మే చివర, జూన్‌లో గుంపుగా ఉండే చిన్న నల్ల పురుగులు. జులై, ఆగస్టుల్లో విడివిడిగా తిరిగే పెద్ద ఆకుపచ్చ గొంగళిపురుగులు. ఆ తర్వాత మళ్లీ వసంతం దాకా గూడే. స్కాట్లండ్‌లోనూ ఎత్తైన కొండల మీదా ఇవన్నీ కాస్త ఆలస్యంగా నడుస్తాయి.

పిల్లలతో మొదటిసారి వెళ్తుంటే జులై చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు మంచి సమయం. బడికి సెలవులు, పురుగు పెద్దది, ఎగిరిపోదు కూడా.

2. చోటు ఎంచుకోండి

హెదర్ విస్తారంగా ఉన్న పీట్ నేలలు (సగం కుళ్లిన మొక్కలు పొరలుగా పేరుకున్న తడి నేలలు) దీని అసలు ఇల్లు. నార్త్ యార్క్ మూర్స్, పీక్ డిస్ట్రిక్ట్, ఇల్క్లీ మూర్, డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్, ఎడిన్‌బరో పక్కనున్న పెంట్లాండ్ కొండలు, ఇలా మీకు ఏది దగ్గరైతే అక్కడికి వెళ్లండి. లండన్ వైపు ఉండేవాళ్లు అంత దూరం పోనక్కర్లేదు. సర్రేలోని హీత్ నేలల్లో, న్యూ ఫారెస్ట్‌లో కూడా ఇది ఉంటుంది.

మూర్ అంతా ఒకేలా ఉండదు. పాదం ఎత్తు కూడా లేని లేత హెదర్ కన్నా, మోకాలి ఎత్తు పెరిగిన పాత హెదర్, పక్కన బిల్‌బెర్రీ, విల్లో పొదలు కలిసిన చోట వెతకండి. గాలి నేరుగా కొట్టని పల్లపు వాలు, ఎండ పడే వైపు ఇంకా మంచిది. హెదర్ లేని తడి నేలల్లో మెడోస్వీట్, కంచెల వెంట బ్రాంబుల్, హాథార్న్, బ్లాక్‌థార్న్ మీద కూడా గొంగళిపురుగులు దొరుకుతాయి. బ్రాంబుల్ అంటే బ్లాక్‌బెర్రీ పళ్లు కాసే ముళ్లపొదే.

3. మూర్ మీద జాగ్రత్తలు

దీన్ని దాటేసి ముందుకు వెళ్లకండి.

టిక్ పురుగులు హెదర్‌లోనూ, బ్రాకెన్ ఫెర్న్‌లోనూ కాచుకుని ఉంటాయి. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపండి. ఇంటికి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో చూసుకోండి. పిల్లలకు జుట్టు మొదళ్లలో, చెవుల వెనక కూడా చూడండి. అంటుకుని ఉంటే చర్మానికి ఆనించి కొక్కెంతో మెల్లగా పైకి లాగేయాలి. నూనె రాయడం, నిప్పుతో కాల్చడం చేయొద్దు. తర్వాతి వారాల్లో కుట్టిన చోట చుట్టూ వలయంలా ఎరుపు పాకితే జీపీ (మీ స్థానిక డాక్టరు) దగ్గరికి వెళ్లి, టిక్ కుట్టిందని చెప్పండి. అది లైమ్ వ్యాధి గుర్తు.

బ్రిటన్‌లోని ఒకే ఒక్క విషసర్పం యాడర్ కూడా ఈ నేలల్లోనే ఎండ కాచుకుంటుంది. మన కట్లపాము, రక్తపింజరి అంత ప్రమాదం కాదు గానీ, చూడకుండా పొదలోకి చెయ్యి పెట్టకండి.

మార్చి నుంచి జులై దాకా కర్ల్యూ, గ్రౌస్, గోల్డెన్ ప్లోవర్ లాంటి పక్షులు నేల మీదే గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో కాలిబాట దిగకండి, బాట అంచుల్లోనే వెతకండి. ఇంగ్లండ్‌లో ఓపెన్ యాక్సెస్ నేలల (ఎవరైనా నడవడానికి తెరిచి ఉంచిన నేలల) మీద మార్చి 1 నుంచి జులై 31 వరకు కుక్కను రెండు మీటర్లకు మించని తాడుతో పట్టుకోవాలన్నది చట్టం.

పార్టీకి వెళ్లినట్టు బార్బెక్యూ ట్రే పట్టుకెళ్లొద్దు. ఎండాకాలంలో పీట్ అంటుకుంటే నేల లోపలే రోజుల తరబడి రాజుకుంటుంది. 2018 వేసవిలో మాంచెస్టర్ పక్కన శాడిల్‌వర్త్ మూర్ తగలబడ్డప్పుడు మంటలు ఆర్పడానికి సైన్యాన్ని కూడా దించాల్సి వచ్చింది. అలాంటి మంటలో గూళ్లు, గుడ్లు, పక్షులు ఏవీ మిగలవు.

4. మగ చిమ్మటను ఎగురుతుండగా చూడండి

చిమ్మట అంటే రాత్రి దీపం చుట్టూ తిరిగేదనుకుంటాం. ఈ మగది పట్టపగలు, ఎండలోనే ఎగురుతుంది. ఏప్రిల్‌లో ఎండ కాసి, గాలి మెల్లగా ఉన్న రోజున మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా హెదర్ పైన కాస్త ఎత్తులో వంకర టింకరగా, చాలా వేగంగా దూసుకుపోతుంది. వెంటబడకండి, అందదు. ఒకచోట నిలబడి గాలి వచ్చే దిశకు అడ్డంగా చూస్తూ ఉండండి. ఆడదాని వాసన గాలిలో వస్తుంది కాబట్టి మగవి గాలికి ఎదురుగా వెతుక్కుంటూ వస్తాయి.

ముందు రెక్కలు గోధుమ, బూడిద, గులాబీ రంగులు కలగలిసి ఉంటాయి. వెనక రెక్కలు నారింజ రంగు. నాలుగు రెక్కల మీదా ఒక్కో కన్ను బొమ్మ. రెక్కలు విప్పితే ఆరు సెంటీమీటర్ల లోపే. మీసాలు ఈకల్లా విచ్చుకుని ఉంటాయి. ఎగురుతున్నప్పుడు ఇవేవీ కనబడవు, నారింజ మెరుపు ఒక్కటే కనిపిస్తుంది.

అదే కాలంలో తిరిగే స్మాల్ టార్టాయిస్‌షెల్, పీకాక్ సీతాకోకచిలుకల్ని చూసి ఎంపరర్ అనుకోవడం మామూలే. తేడా పట్టడానికి మంచి దారి ఒకటుంది. పువ్వు మీద వాలి తేనె తాగుతుంటే అది ఎంపరర్ కాదు. ఎంపరర్‌కు పనిచేసే నోరు ఉండదు. రెక్కలొచ్చాక అది ఏమీ తినదు, తాగదు. గొంగళిపురుగుగా తిన్న తిండితోనే ఆ కొద్ది రోజులూ బతుకుతుంది.

ఆడదాని వాసనను పోలిన రసాయనం పట్టించిన లూర్‌లు కీటకాల సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఎంపరర్ లూర్ అని అడగాలి. చిన్న వల సంచిలో వేసి హెదర్ కొమ్మకు కడితే, అవి ఉన్న చోట నిమిషాల్లో మగవి వచ్చి చుట్టూ గిరగిరా తిరుగుతాయి. ఇది వాడేటప్పుడు మూడు నియమాలు. వేళ్లతో ముట్టుకోకండి, ఆ వాసన బట్టలకు పట్టి వదలదు. పావుగంట, ఇరవై నిమిషాలు దాటకుండా తీసేయండి. తిండి తినని ప్రాణి అది, లేని ఆడదాని కోసం ఓపికంతా ఖర్చు చేయించకూడదు. ఇంటికి రాగానే మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టండి.

5. ఆడ చిమ్మట కోసం నిదానంగా చూడండి

ఆడది పెద్దది, ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. లేత బూడిద రంగు, నారింజ ఉండదు, మీసాలు సన్నం. కన్ను బొమ్మలు దీనికీ నాలుగు. పగలంతా హెదర్ కొమ్మకో, కంచె కర్రకో కదలకుండా అంటుకుని ఉంటుంది. మధ్యాహ్నం దాటాక పొట్ట చివర కొంచెం బయటికి చాపి వాసన వదులుతుంది. ఆ భంగిమలో ఉన్నదాన్ని చూస్తే కదిలించకండి. నాలుగు అడుగులు వెనక్కి వచ్చి కూర్చోండి. మగవి ఎలా వస్తాయో లూర్ లేకుండానే చూడవచ్చు. చీకటి పడే వేళకు అది గుడ్లు పెట్టడానికి ఎగురుతుంది.

6. గుడ్లు, పిల్లలు, పెద్ద పురుగు

గుడ్లు సన్నటి కాడ చుట్టూ పట్టీలా, ఒకదాన్నొకటి ఆనుకుని అతికించి ఉంటాయి. చూసినా తుంచకండి. వాతావరణాన్ని బట్టి రెండు వారాలు, కాస్త అటూ ఇటూగా పొదుగుతాయి.

పొదిగిన పిల్లలు నల్లగా, సన్న వెంట్రుకలతో ఒకేచోట గుంపుగా మేస్తాయి. ఒకటి రెండు పొరలు మార్చాక నల్ల ఒంటి మీద నారింజ మచ్చలు వస్తాయి. ఆ తర్వాత ఆకుపచ్చ తిరిగి విడిపోతాయి. అందుకే జూన్‌లో నల్ల పురుగును చూసి ఇది వేరే జాతి అనుకోకండి.

ఆగస్టులో పెద్ద పురుగును పట్టుకోవడం కష్టం కాదనిపిస్తుంది, అంత కొట్టొచ్చే రంగులు కదా. కానీ హెదర్ కొమ్మలో ఆకుపచ్చ ఆకు, మధ్యమధ్య చీకటి సందులు ఉంటాయి. పురుగు మీది నల్ల పట్టీలు ఆ సందుల్లో కలిసిపోతాయి. కాబట్టి పురుగును వెతకొద్దు, దాని పెంటికల్ని వెతకండి. బాట అంచున, రాళ్ల మీద మిరియపు గింజంత, నిలువు గాళ్లు ఉన్న ముదురు పెంటికలు పడి ఉంటే తలెత్తి సరిగ్గా పైనున్న కొమ్మను చూడండి. పెంటిక తడిగా ఉంటే పురుగు అక్కడే ఉంది.

7. ఇదేనా కాదా, ముట్టుకునే ముందు తేల్చుకోండి

హెదర్ మీద ఇంకో రెండు పెద్ద గొంగళిపురుగులు తిరుగుతాయి, ఫాక్స్ మాత్, ఓక్ ఎగర్. రెండూ గోధుమ రంగు, ఒళ్లంతా దట్టమైన బొచ్చు. ఆ బొచ్చు చర్మానికి తగిలితే మంట, దద్దుర్లు వస్తాయి. పిల్లలు మెత్తగా ఉందని నిమురుతారు, జాగ్రత్త.

తేడా ఇంతే గుర్తుంచుకోండి. ఆకుపచ్చ ఒళ్లు, ప్రతి కణుపుకూ నల్ల పట్టీ, పట్టీ మీద వరసగా పొక్కులు, పొక్కు మీద కొన్ని పొట్టి ముళ్లలాంటి వెంట్రుకలు ఉంటే ఎంపరర్. పొక్కులు పసుపు కావచ్చు, నారింజ కావచ్చు, గులాబీ కావచ్చు. నల్ల పట్టీలు కొన్నిటికి వెడల్పు, కొన్నిటికి సన్నం. పొడుగు బొచ్చు కప్పేసి ఉంటే మాత్రం ఎంపరర్ కాదు, చెయ్యి పెట్టకండి.

8. తెచ్చుకోవాలా వద్దా

ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. ఆగస్టులో ఇండియాకి టికెట్లు బుక్ చేశారా? అయితే వద్దు. రోజు విడిచి రోజు ఆకు మార్చే మనిషి ఇంట్లో ఉండాలి. గూటిని చలికాలమంతా బయట ఉంచే జాగా ఉందా? వచ్చే ఏప్రిల్, మే నెలల్లో చిమ్మటను మళ్లీ అదే మూర్‌కు తీసుకెళ్లగలరా? మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఫొటో తీసుకుని వదిలేయండి. అదేం తక్కువ కాదు.

తెచ్చుకుంటే ఒకటి, మహా అయితే రెండు. నేచర్ రిజర్వ్‌లలో, ఎస్‌ఎస్‌ఎస్‌ఐ అని ప్రకటించిన రక్షిత నేలల్లో అనుమతి లేకుండా తీయకండి. మన మూర్లలో చాలా భాగం అలాంటివే, కాబట్టి ముందు మ్యాప్ చూసుకోండి.

తెచ్చేటప్పుడు పురుగును వేళ్లతో లాగకండి. కాళ్లతో కొమ్మను గట్టిగా పట్టుకుని ఉంటుంది, లాగితే కాళ్లు చిరుగుతాయి. అది ఉన్న కొమ్మనే కత్తిరించి, కిచెన్ పేపరు వేసిన డబ్బాలో పెట్టండి. ఎండలో ఆపిన కారులో డబ్బా వదిలేస్తే పది నిమిషాల్లో ఉడికిపోతుంది.

అన్నట్టు, ఇండియా నుంచి దసలి గూళ్లు తెచ్చి ఇక్కడ పెంచుతామని అడిగేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ దేశానికి చెందని జంతువును బయట వదలడం 1981 వన్యప్రాణి చట్టం కింద నేరం.

9. మేపడం

ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్కే పెట్టడం మంచిది. హెదర్ మీద దొరికితే వచ్చే ఇబ్బంది ఏమిటంటే, కోసిన హెదర్ త్వరగా ఎండిపోతుంది. బ్రాంబుల్ ఊరి మధ్య పార్కుల్లో కూడా దొరుకుతుంది, నీళ్లలో రోజుల తరబడి తాజాగా ఉంటుంది. మొదటి రోజు రెండూ కలిపి పెట్టండి. బ్రాంబుల్ ఆకు అంచులు కొరికినట్టు కనిపిస్తే మర్నాటి నుంచి అదొక్కటే చాలు. కొరకకపోతే మొండికేయకుండా హెదరే తెచ్చి పెట్టండి. ముదిరిన పురుగులు కొన్ని ఆకు మార్చుకోవు.

ఒక పెద్ద హెచ్చరిక: గార్డెన్ సెంటర్‌లో కుండీల్లో అమ్మే హెదర్ తెచ్చి పెట్టొద్దు. చూడ్డానికి ఆరోగ్యంగా ఉంటుంది, కానీ దాని మీద పురుగుమందు ఉండే అవకాశం ఎక్కువ. రోడ్డు పక్క కంచెలు, మందు కొట్టే పొలాల గట్లు కూడా వద్దు.

రోజూ చేయాల్సిన పని ఇది:

- కొమ్మను నీళ్ల సీసాలో పెట్టి, మూతిని దూదితో గట్టిగా మూయండి. సందు ఉంటే పురుగు కాడ వెంట దిగి నీళ్లలో మునిగిపోతుంది. ఇంట్లో చనిపోయే పురుగుల్లో చాలావాటికి ఇదే కారణం.
- అడుగున కిచెన్ పేపరు రోజూ మార్చండి. పెంటికలు తడిసి బూజు పడితే రోగం వస్తుంది.
- పాత కొమ్మ నుంచి పురుగును తీయకుండా, కొత్త కొమ్మను దానికి తగిలేలా పెట్టండి. అదే ఎక్కుతుంది.
- ఆకుల మీద సన్నగా నీళ్లు చల్లవచ్చు, కానీ పంజరం గోడలకు చెమ్మ పట్టి కారకూడదు.

పురుగు ఒకటి రెండు రోజులు కదలకుండా, తినకుండా, తల కాస్త ముందుకు వంచి ఉండిపోతే చచ్చిపోతోందని కంగారుపడకండి. పొర మారుస్తోంది. మదనపల్లె, హిందూపురం వైపు పట్టు పెంచిన కుటుంబాల వాళ్లకు ఇది తెలిసిన సంగతే, వాళ్ల మాటలో పురుగు "జ్వరంలో" ఉంది. ఆ సమయంలో కదిలిస్తే మాత్రం నిజంగానే చస్తుంది. ఆకు మార్చాల్సి వస్తే ఆ కొమ్మను అలాగే ఉంచి పక్కన కొత్తది పెట్టండి.

10. గూడు కట్టే రోజులు

బాగా పెరిగిన పురుగు ఆరు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒకరోజు ఉన్నట్టుండి తినడం మానేస్తుంది, తడిగా విసర్జిస్తుంది, రంగు కాస్త మందగిస్తుంది, పంజరమంతా తిరుగుతుంది. జబ్బు కాదు, గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటోంది. మల్బరీ పురుగులకు పెట్టినట్టు చంద్రికలు (గూడు కట్టుకోవడానికి పెట్టే వెదురు తట్టలు) అక్కర్లేదు. పంజరం అడుగున ఎండు హెదర్ పుల్లలు, కొన్ని ఆకులు గుత్తిగా పెట్టండి. వాటి మధ్య దూరి కట్టుకుంటుంది.

గూడును కట్టిన వారం తర్వాత, ముట్టుకోకుండా భూతద్దంతో చూడండి. గోధుమ రంగులో, ఒకవైపు సన్నబడిన బేరిపండు ఆకారంలో ఉంటుంది. సన్నబడిన వైపు మూతి తెరిచే ఉంటుంది! లోపలి నుంచి గట్టి పట్టు పోగులు వలయంగా బయటికి వంగి ఒకే మొనకు చేరి ఉంటాయి, చేపలు పట్టే మావు లోపలి పుల్లల్లా, కానీ దిశ తిరగేసి. లోపల్నుంచి తోస్తే విచ్చుకుంటాయి, బయటి నుంచి తోస్తే ఇంకా బిగుసుకుంటాయి. చిమ్మటకు బయటికి దారి ఉంది, చీమకూ పురుగుకూ లోపలికి లేదు. దసలి గూటికి ఇలాంటి తలుపు ఉండదు, దాని చిమ్మట ద్రవం వదిలి పట్టును మెత్తబరుచుకుని బయటపడాలి.

పిల్లలు అడిగినా గూటిని కోసి చూపించకండి. ఆ పోగులు ఒక్కసారి చెదిరితే మళ్లీ కట్టుకోలేదు. పట్టు తీయవచ్చా అనీ అడుగుతుంటారు. పోగు పోగుగా చుట్టడానికి పనికిరాదు, ఆ ఆలోచన వదిలేయండి.

11. చలికాలం: గూడు బయటే ఉండాలి

ఇక్కడ ఒక్క అడుగు తప్పినా ఇప్పటిదాకా చేసినదంతా వృథా. ప్యూపాకు, అంటే గూటి లోపల చిమ్మటగా మారుతున్న పురుగుకు, చలి నెలలు గడిస్తేనే వసంతం వచ్చిందని తెలుస్తుంది. హీటర్ ఉన్న గదిలో రెండు నష్టాల్లో ఒకటి తప్పదు. గాలి పొడిబారి ప్యూపా ఎండిపోతుంది, లేదా డిసెంబరులో రెక్కలతో బయటికి వస్తుంది. అప్పుడు బయట మంచు, జత లేదు, వదిలే చోటు లేదు.

గూడు ఉన్న పుల్లల్ని కదిలించకుండా పంజరంతో సహా తీసుకెళ్లి షెడ్డులోనో, ఉత్తరం వైపు గోడ నీడలోనో, ఫ్లాట్ అయితే ఎండ తగలని బాల్కనీలోనో పెట్టండి. మంచు కురిసినా, గడ్డకట్టినా భయం లేదు, మూర్ మీద అంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది. వాన నేరుగా కొట్టకుండా పైన రేకు ఉంటే చాలు. ఎలుకలు, బ్లూ టిట్ పిట్టలు వల చింపుతాయి, కాబట్టి సన్న కంత ఇనుప జాలీతో చుట్టండి. నెలకు రెండు మూడుసార్లు నీళ్లు పిచికారీ చేయండి, నీళ్లు నిలవనివ్వకండి. అసలే గాలి ఆడని ప్లాస్టిక్ డబ్బాలో మూసి పెట్టొద్దు, బూజు పడుతుంది.

బతికి ఉందా అని అనుమానం వస్తే చెవి దగ్గర ఊపకండి. గూటిని అరచేతిలో పెట్టి బరువు చూడండి. బతికి ఉన్నది పరిమాణానికి తగ్గ బరువుగా తెలుస్తుంది. కాగితంలా తేలిగ్గా ఉంటే ఎండిపోయిందనుకోవాలి. పక్కన చిన్న గుండ్రటి కన్నం ఉంటే పరాన్నజీవి కందిరీగ బయటికి వెళ్లిందని అర్థం. మన పట్టు రైతుల్ని ఏడిపించే ఊజీ ఈగ లాంటి ఈగలూ ఇక్కడ ఉన్నాయి. బయట దొరికిన పెద్ద పురుగు ఒంట్లో అవి ముందే గుడ్లు పెట్టి ఉండవచ్చు. దానికి మీ పెంపకంలో లోపం వెతకాల్సిన పని లేదు, పిల్లలకు కూడా అలాగే చెప్పండి.

12. రెక్కలొచ్చే రోజు

మార్చి చివర నుంచి రోజూ పొద్దున్నే చూడండి. పంజరం గోడ గరుకుగా ఉండాలి లేదా నిలువు పుల్లలు ఉండాలి. గూటిలోంచి వచ్చిన చిమ్మట పైకెక్కి వేలాడితేనే ముడుచుకున్న రెక్కలు దిగి విచ్చుకుంటాయి. నున్నటి ప్లాస్టిక్ గోడల మీద జారి పడితే రెక్కలు వంకరగా గట్టిపడిపోతాయి, ఇక సరికావు. విచ్చుకుని ఆరేదాకా సాయం చేయబోకండి.

ఆడదైతే పిల్లలకు మరచిపోలేని రోజు. ఎండ ఉన్న మధ్యాహ్నం దాన్ని పంజరంలోనే పెట్టి, పురుగు దొరికిన మూర్‌కు తీసుకెళ్లి హెదర్ పక్కన ఉంచండి. చుట్టుపక్కల మగవి ఉంటే పంజరం దగ్గరికే వస్తాయి. వచ్చాక తలుపు తీసేయండి. మగదైతే అదే చోట ఎండలో వదలండి. ఇంటి తోటలోనో, ఇంకో కౌంటీలోనో వదలకండి. తేనె నీళ్లు, పళ్ల ముక్కలు పెట్టడం వృథా, నోరే లేదు కదా. బతికేది కొద్ది రోజులే కాబట్టి వారాంతం దాకా ఆపొద్దు.

మే నెల దాటినా ఏమీ రాకపోయి, గూడు ఇంకా బరువుగానే ఉంటే పారేయకండి. కొన్ని ప్యూపాలు రెండో చలికాలం కూడా గూట్లోనే గడుపుతాయి. వేసవి ఎండ తగలకుండా నీడలో ఉంచి, వచ్చే వసంతం దాకా అదే పద్ధతిలో చూడండి.

13. నమోదు చేయండి

చూసినది ఏ దశ అయినా ఐరికార్డ్ అనే వన్యప్రాణుల నమోదు వెబ్‌సైట్‌లో పెట్టండి. మీ కౌంటీ మాత్ రికార్డర్ దాన్ని సరిచూస్తారు, అక్కడి నుంచి బటర్‌ఫ్లై కన్జర్వేషన్ నడిపే జాతీయ చిమ్మటల నమోదు పథకానికి చేరుతుంది. తేదీ, గ్రిడ్ రిఫరెన్స్ (మ్యాప్ మీద ఆ చోటును చెప్పే అక్షరాలు, అంకెలు), దశ, ఎన్ని, ఏ మొక్క మీద, ఈ అయిదూ రాయాలి. గొంగళిపురుగుకు పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో చాలు. లూర్‌కు వచ్చిన మగవైతే లూర్ వాడామని తప్పకుండా రాయండి. ఇంట్లో పెంచిన చిమ్మటను కొత్తగా చూసినట్టు రాయకండి, పురుగు దొరికిన తేదీ, చోటు మాత్రమే లెక్క.